స్టీరింగ్ ప్లే: కృష్ణానగర్ పాత వ్యాన్లలో కారణాలు, దోష నిర్ధారణ

స్టీరింగును కొంతమేర తిప్పినా ముందు చక్రాలు కదలకపోతే ఆ ఖాళీ కదలికను డ్రైవర్లు, మెకానిక్కులు 'ప్లే' అంటారు. తిన్నని రోడ్డు మీద డ్రైవరు స్టీరింగు తిప్పకపోయినా బండి కాసేపు ఎడమకు, కాసేపు కుడికి జరుగుతూ పోతే 'బండి తేలుతోంది', 'లైను పట్టడం లేదు' అంటారు. ఈ వ్యాసంలో దాన్ని తూలడం అందాం. ఈ రెండూ తరచు జంటగానే కనిపిస్తాయి గాని, రెండూ ఒకటి కావు. ప్లే ఏమాత్రం లేని బండి కూడా టైర్లలో గాలి తగ్గితే తూలుతుంది. బాగా ప్లే ఉన్న బండి గల్లీల్లో ఏ లోపమూ చూపకుండా ఏళ్ల తరబడి తిరగగలదు. పాత వ్యాన్ల మరమ్మతులో డబ్బు వృథా కావడం, దోషం అలాగే మిగిలిపోవడం చాలావరకు ఈ తేడాను పట్టించుకోకపోవడం వల్లే జరుగుతాయి.

హైదరాబాదులో ఈ సమస్యను దగ్గరగా చూడదగిన చోటు కృష్ణానగర్. యూసుఫ్‌గూడకు, జూబ్లీహిల్స్ చెక్‌పోస్టుకు మధ్య ఉన్న ఈ ఇరుకు వీధుల్లో జూనియర్ ఆర్టిస్టులు, లైట్‌మెన్లు, మేకప్, కాస్ట్యూమ్ విభాగాల వాళ్లు, ప్రొడక్షన్ బాయ్‌లు పెద్ద సంఖ్యలో ఉంటారు. అన్నపూర్ణ స్టూడియోస్, ఫిలింనగర్‌లోని రామానాయుడు స్టూడియోస్ ఇక్కడికి దగ్గరే. తెల్లవారకముందే వీధి మొగల్లో ఆగి మనుషులను, సామాన్లను ఎక్కించుకునే యూనిట్ బండ్లు ఇక్కడి దైనందిన దృశ్యం. ప్రొడక్షన్ వ్యాను, కాస్ట్యూమ్ వ్యాను, లైట్లూ స్టాండ్లూ మోసే బండి, జనరేటర్ వ్యాను, ఆర్టిస్టులను తీసుకెళ్లే ట్రావెలర్. వీటిలో చాలా బండ్లు ఒక చేతి నుంచి మరో చేతికి మారినవి, వయసు మీద పడినవి.

ఈ బండ్ల పని తీరు మామూలు ట్రావెల్స్ బండ్ల పనికి భిన్నం. ఒకరోజు జూబ్లీహిల్స్ ఎత్తుపల్లాల్లో పది కిలోమీటర్లు కూడా తిరగవు. మర్నాడు రామోజీ ఫిల్మ్ సిటీకో, వికారాబాద్ అనంతగిరి గుట్టలకో, మర్రిచెట్ల మధ్య సాగే చేవెళ్ల రోడ్డుకో, ఇంకా దూరం మారేడుమిల్లి అడవులకో నిండు లోడుతో పోతాయి. షూటింగులు ఆగితే వారాల తరబడి కదలవు. 2020 లాక్‌డౌన్ నెలల్లోనూ, 2022 ఆగస్టులో నిర్మాతలు షూటింగులు ఆపినప్పుడూ వీధి పక్కన నిలిచిన బండ్ల కింద జాయింట్ల రబ్బరు తొడుగులు (బూట్లు) ఎండి పగలడానికి, జాయింట్లు తుప్పు పట్టడానికి, టైర్లు ఒకచోట చదునెక్కడానికి కావలసినంత సమయం దొరికింది. దీనికి వానాకాలం తోడు. జూబ్లీహిల్స్ మీద పడ్డ గట్టి వాన కృష్ణానగర్ వీధుల్లోకి దిగుతుంది. హబ్బుల దాకా నీళ్లలో నిలిచిన బండిలో కింగ్ పిన్నుల (ముందు చక్రాలు పక్కకు మళ్లడానికి ఆధారమైన పిన్నుల), బేరింగుల గ్రీజు కొట్టుకుపోతుంది. ఇక్కడి బండ్లలో కింగ్ పిన్నులు ముందుగా అరగడానికి గతుకుల రోడ్లను నిందించడం కన్నా ఈ నీళ్లను అనుమానించడం సబబు.

బండ్లు, స్టీరింగ్ రకాలు

దోషం వెతకాలంటే ముందు ఆ బండి ఏ రకం స్టీరింగుతో తయారైందో తెలియాలి. యూనిట్ పనిలో కనిపించే పాత బండ్లు రెండు కుటుంబాలకు చెందుతాయి.

మొదటిది లారీ వంశం. 1986లో వచ్చిన టాటా 407, స్వరాజ్ మాజ్డా, పాత టెంపో ట్రావెలర్ ఇందులోవి. మెర్సిడెస్ బెంజ్ టీ1 వ్యాను ఆధారంగా బజాజ్ టెంపో 1987లో ట్రావెలర్‌ను తెచ్చింది. ఆ కంపెనీయే 2005 నుంచి ఫోర్స్ మోటార్స్. ఈ బండ్లలో ముందు కూడా అడ్డంగా ఒకే ఇనుప యాక్సిల్, దాని మీద కమాను పట్టీలు ఉంటాయి. డ్రైవరు తిప్పిన స్టీరింగు కాలమ్ గుండా ఛాసిస్‌కు బిగించిన స్టీరింగ్ బాక్సుకు చేరుతుంది. బాక్సు నుంచి డ్రాప్ ఆర్మ్, దాని నుంచి డ్రాగ్ లింక్, అది ఒక చక్రాన్ని తిప్పితే ఆ చక్రం నుంచి టై రాడ్ రెండో చక్రాన్ని తిప్పుతుంది. స్టీరింగు తిప్పినప్పుడు చక్రం ఏ పిన్ను ఆధారంగా పక్కకు మళ్లుతుందో అది కింగ్ పిన్.

రెండోది కారు వంశం. 1984లో వచ్చి 2019 దాకా తయారైన మారుతి వ్యాను, అంటే ఓమ్ని, అందులో ముఖ్యమైనది.  దానిలో ర్యాక్ అండ్ పినియన్ స్టీరింగ్, ముందు స్ట్రట్లు, లోయర్ ఆర్ములు, బాల్ జాయింట్లు ఉంటాయి. బాక్సు, డ్రాప్ ఆర్మ్, కింగ్ పిన్ ఉండవు. జాయింట్లు తక్కువ కాబట్టి ప్లే చేరే చోట్లూ తక్కువే. కాని బండి వెడల్పుకన్నా ఎత్తు ఎక్కువైన ఆకారం, ముందు వెనక చక్రాల మధ్య 1,840 మి.మీ. దూరం మాత్రమే. అందువల్ల గాలికి, పక్కనుంచి దూసుకుపోయే బస్సుకు ఓమ్ని స్వభావరీత్యానే చలిస్తుంది. ఆ చలనాన్ని మరమ్మతుతో పోగొట్టాలని చూడకూడదు.

రెండు కుటుంబాల్లోనూ మూలసూత్రం ఒకటే. మలుపులో లోపలి చక్రం బయటి చక్రం కన్నా ఎక్కువ తిరగాలి. మ్యూనిక్‌లో గుర్రపు బగ్గీలు చేసిన లాంకెన్‌స్పెర్గర్ ఆలోచనకు రుడాల్ఫ్ అకర్‌మన్ 1818లో ఇంగ్లండులో పేటెంటు పొందాడు. స్టీరింగ్ ఆర్ములను లోపలికి వాలుగా పెట్టడం ఆ సూత్రాన్ని బట్టే. అందుకే ఒక ఆర్మ్ కాస్త వంగినా బండి తిన్నగా పోతున్నప్పుడు పెద్దగా తెలియకపోవచ్చు. మలుపుల్లో మాత్రం టైర్లు కీచుమంటాయి.

మిల్లీమీటరు లెక్క

ప్లే ఎక్కడుందని అడిగేవారిలో చాలామంది ఒకే చోటు చూపించమంటారు. పాత బండిలో ఆ ప్రశ్నే పక్కదారి పట్టిస్తుంది. ఒక లెక్క చూద్దాం. చక్రం దగ్గరి స్టీరింగ్ ఆర్మ్ పొడవు 15 సెం.మీ., స్టీరింగ్ నిష్పత్తి 20కి 1 అనుకుందాం. అంటే స్టీరింగు 20 డిగ్రీలు తిరిగితే చక్రం ఒక డిగ్రీ తిరుగుతుంది. డ్రాగ్ లింక్ చివర జాయింటులో ఒక్క మిల్లీమీటరు వదులుంటే చక్రం దగ్గర అది 0.4 డిగ్రీ కూడా కాదు. కాని అదే వదులు వెనక్కి స్టీరింగు దాకా వచ్చేసరికి ఇరవై రెట్లై దాదాపు 8 డిగ్రీలవుతుంది. 40 సెం.మీ. వ్యాసమున్న స్టీరింగు అంచున కొలిస్తే రెండున్నర సెంటీమీటర్లు దాటుతుంది.

ఒకే వరసలో నాలుగు చోట్ల మిల్లీమీటరు చొప్పున వదులు చేరితే మొత్తం 30 డిగ్రీలకు పైనే. ఏ జాయింటునూ విడిగా చూసి 'ఇది పోయింది' అనలేము. కొత్త టై రాడ్ ఎండ్‌ను పట్టుకుని చూసిన చెయ్యి పాతదాన్ని పట్టుకున్నా పెద్ద తేడా కనిపెట్టకపోవచ్చు. అయినా బండి నడపరానంతగా ఉంటుంది. పాత వ్యాన్లలో తరచు జరిగేది ఇదే. కాబట్టి దోష నిర్ధారణ అంటే ఒక దొంగను పట్టుకోవడం కాదు. వరసలో ప్రతి జాయింటు ఎంత తింటోందో రాసుకుని, ఎక్కువ తినేదానితో మొదలుపెట్టడం.

ఇది ఎందుకంత పట్టింపు విషయమో తెలియడానికి ఇంకొక లెక్క. గంటకు 80 కి.మీ. వేగంతో పోయే బండి సెకనుకు 22 మీటర్లు దాటుతుంది. దాని ముక్కు ఒక్క డిగ్రీ పక్కకు తిరిగితే సెకనుకు దాదాపు 40 సెం.మీ. పక్కకు జరుగుతుంది. రాత్రి కాల్షీటు ముగించుకుని, నిద్రలేని డ్రైవరు, వెనక నిద్రలో పదిమంది ఆర్టిస్టులతో ఔటర్ రింగ్ రోడ్డు మీద వస్తున్న ట్రావెలర్‌కు ఆ 40 సెం.మీ. చిన్న సంగతి కాదు. కృష్ణానగర్ గల్లీలో అదే బండి గంటకు 20 కి.మీ. దాటదు. అక్కడ ప్లే చేతికి తెలుస్తుంది గాని ప్రమాదంగా తోచదు. ఇక్కడి బండ్ల యజమానులు దోషాన్ని ఏళ్ల తరబడి ఓర్చుకోవడానికి ఇదొక కారణం.

డ్రైవరు చెప్పేదాంట్లో ఏముంది

"అన్నా, బండి సక్కగ పోతలేదు" అన్న మాటలో నాలుగు వేర్వేరు రోగాలు ఉండవచ్చు. షెడ్డులో బండి కిందికి దూరే ముందు పది నిమిషాలు ప్రశ్నలు అడిగిన మెకానిక్కు చాలా పని తప్పుతుంది.

బండి ఎప్పుడూ ఒకే పక్కకు లాగుతుంటే అది తూలడం కాదు. టైరు, గాలి తేడా, పట్టి వదలని బ్రేకు, అలైన్‌మెంట్ చూడాలి. మన రోడ్లు వాననీళ్లు పోవడానికి ఎడమకు వాలుగా ఉంటాయి కాబట్టి బండి కాస్త ఎడమకు పోవడం సహజం. ఖాళీ రోడ్డు దొరికితే కుడి లేనులో, నడిమధ్యన నడిపి చూసి తేల్చాలి. ఫలానా వేగం దగ్గరే స్టీరింగు వణికితే వీల్ బ్యాలెన్సింగు, వంగిన రిమ్ముల సంగతి. మలుపు తిరిగాక స్టీరింగు తనంతట తాను తిన్నగా రాకుండా తిప్పినచోటే ఆగిపోతుంటే ఏదో బిగిసిపోయింది. ఎండిన కింగ్ పిన్, బిగుతు బాల్ జాయింట్, అతిగా బిగించిన స్టీరింగ్ బాక్సు ఆ కోవలోవి. బిగువు కూడా బండిని తూలేలా చేస్తుందని చాలామంది నమ్మరు. డ్రైవరు కొంచెం సరిచేస్తే చక్రం అక్కడే నిలిచిపోతుంది, మళ్లీ వెనక్కి సరిచేయాలి, అలా అంతులేకుండా. చేతికి తెలిసేది తూలడమే గాని కారణం వదులు కాదు, బిగువు. ఈ ఒక్క తేడా పట్టుకోలేక వదులును వెతుకుతూ మంచి సామాను మార్చేసిన సందర్భాలకు లెక్క లేదు.

మరో ప్రశ్న తప్పకుండా అడగాలి. లోడుతో ఉన్నప్పుడా, ఖాళీగా ఉన్నప్పుడా? యూనిట్ బండ్లకు సంబంధించి దీనికన్నా విలువైన ప్రశ్న లేదు. కారణం కమానుల దగ్గర చెప్పుకుందాం.

నేల నుంచి పైకి

వెతుకులాట నేల దగ్గర మొదలై స్టీరింగు దగ్గర ముగియాలి. మన షెడ్లలో ఎక్కువగా దీనికి తలకిందులుగా జరుగుతుంది.

టైర్లతో మొదలుపెట్టాలి. అన్నింటిలో, టైర్లు చల్లగా ఉన్నప్పుడు, కంపెనీ చెప్పిన అంకె ప్రకారం గాలి పట్టించి అప్పుడే రోడ్డెక్కాలి. వెనక టైర్లలో గాలి తగ్గినా బండి తూలుతుంది. వెనక భాగం టైరు గోడల మీద ఊగుతుంటే డ్రైవరు ముందు చక్రాలను అనుమానిస్తాడు. ఒక యాక్సిల్‌కు నైలాన్ టైర్లు, మరోదానికి రేడియల్ ఉన్న బండిని పరీక్షించడమే వృథా, ముందు అది సరిచేయాలి. అరచేతిని టైరు పూల మీద అడ్డంగా అటు ఇటు రాయాలి. ఒకవైపు నున్నగా, తిరుగువైపు రంపపు పళ్లలా గుచ్చుకుంటే టో, అంటే ముందు చక్రాలు లోపలికో బయటికో చూసే కొలత, తప్పింది. ఒక అంచే అరిగితే క్యాంబర్, అంటే చక్రం నిలువు నుంచి పక్కకు వాలిన కోణం. అక్కడక్కడా గుంటలు పడితే షాక్ అబ్జార్బర్లు, బ్యాలెన్సింగు, వదులైన బేరింగులు. పక్కకు లాగే బండిలో ముందు టైర్లు రెండూ పక్కలు మార్చి చూస్తే, లాగుడు కూడా పక్క మారితే తప్పు టైరుదే.

తర్వాత కమానులు. లారీ వంశపు బండిలో యాక్సిల్‌ను తన చోట నిలిపేది కమాను పట్టీలే. షాకిల్ బుష్‌లు అరిగితే యాక్సిల్ పక్కకు జరుగుతుంది, ఆ జరుగుడే స్టీరింగు తిప్పినట్టవుతుంది. యు బోల్టులు వదులై సెంటర్ బోల్టు తెగితే యాక్సిల్ వెనక్కో ముందుకో జారుతుంది. వెనక యాక్సిల్ జారిన బండి పీతలా కొంచెం అడ్డంగా నడుస్తుంది. రెండు పక్కలా ముందు చక్రం మధ్య నుంచి వెనక చక్రం మధ్యకు టేపు పెట్టి కొలిస్తే బయటపడుతుంది. అయిదు నిమిషాల పని ఇది.

యూనిట్ బండ్లలో కమానులకు అదనంగా ఒక చరిత్ర ఉంటుంది. జనరేటరు, లైట్ల పెట్టెలు మోయలేక వెనక భాగం కుంగుతోందని ఎప్పుడో ఒక యజమాని ఎక్స్‌ట్రా పట్టీలు వేయిస్తాడు. బండి చేతులు మారుతుంది, పనీ మారుతుంది, పట్టీలు అలాగే ఉంటాయి. దీని ఫలితం క్యాస్టర్ మీద పడుతుంది. సైకిలు ముందు ఫోర్కు వెనక్కి వాలి ఉండడం చూశాం కదా. చేతులు వదిలేసినా సైకిలు తిన్నగా పోవడంలో ఆ వాలుకూ పాత్ర ఉంది. వ్యానులో కింగ్ పిన్ పైభాగం అలాగే రెండు మూడు డిగ్రీలు వెనక్కి వాలి ఉంటుంది. ఆ వాలే క్యాస్టర్. వెనక పట్టీలు బలిసి బండి వెనక లేస్తే, ముక్కు వంగి ఆ వాలు తగ్గుతుంది. లోడుతో పోయినప్పుడు వెనక కుంగి వాలు సరిపోతుంది. సామాను దింపేసి ఖాళీగా తిరిగి వస్తుంటే బండి తూలుతుంది. "పొయ్యేటప్పుడు మంచిగనే ఉండె, వచ్చేటప్పుడు తేలింది" అని డ్రైవరు చెబితే అతను చెప్పింది అక్షరాలా నిజం. స్టీరింగ్ సామాను మొత్తం మార్చినా ఆ దోషం పోదు.

తలకిందుల కథ కూడా ఉంది. బరువైన పెట్టెలన్నీ వెనక తలుపు దగ్గర సర్దితే ముందు యాక్సిల్ మీద భారం తగ్గి, టైర్లకు రోడ్డు మీద పట్టు పలచబడుతుంది. ఈ బండి ఖాళీగా బాగుంటుంది, లోడుతో తూలుతుంది. దీనికి మందు షెడ్డులో లేదు, సామాను ఎక్కించే చోట ఉంది. బరువైనవి రెండు యాక్సిళ్ల మధ్యకు, కిందికి రావాలి.

ముందు కమానులు కుంగితే మరొక చిక్కు. డ్రాగ్ లింక్ కోణం మారిపోతుంది. గుంతలో పడి యాక్సిల్ పైకి లేచినప్పుడల్లా డ్రాగ్ లింక్ ఒక వంపులో, యాక్సిల్ మరో వంపులో కదిలి, ఎవరూ తిప్పకుండానే చక్రాలు తిరుగుతాయి. నున్నని రోడ్డు మీద బుద్ధిగా ఉండి, గతుకుల మీద మాత్రమే స్టీరింగు చేతిలోంచి లాక్కునే బండిలో ముందు దీన్ని చూడాలి.

జాకీ మీద, నేల మీద

యాక్సిల్ కింద జాకీ పెట్టి చక్రాన్ని గాలిలోకి లేపి, జాకీని నమ్మకుండా యాక్సిల్ కింద స్టాండు పెట్టాలి. చక్రాన్ని పైన, కింద పట్టుకుని ఊపితే కదలిక తెలిసిందనుకుందాం. అది హబ్ బేరింగుదా, కింగ్ పిన్నుదా? ఒకరు లోపల బ్రేకు తొక్కి పట్టుకోవాలి. కదలిక పోతే బేరింగు, మిగిలితే కింగ్ పిన్. చక్రాన్ని ఎడమ, కుడి అంచుల్లో పట్టుకుని ఊపితే టై రాడ్ ఎండ్‌ల వదులు కనిపిస్తుంది. ఓమ్నిలాంటి స్ట్రట్ బండికి జాకీ బాడీ కింద పెట్టి చక్రాన్ని వేలాడనివ్వాలి. లోయర్ బాల్ జాయింటు మీద భారం తొలగితేనే దాని వదులు తెలుస్తుంది. లోయర్ ఆర్మ్ బుష్‌ను చేత్తో ఊపితే తెలియదు. రాడ్డుతో మీటి చూడాలి, లేదా బండిని కొంచెం ముందుకు కదిపి గట్టిగా బ్రేకు వేస్తున్నప్పుడు చక్రం వెనక్కి జరుగుతుందేమో పక్కనుంచి మరొకరు గమనించాలి.

అయితే అసలైన పరీక్ష జాకీ మీద కాదు, నేల మీద. బండి బరువంతా చక్రాల మీదే ఉండగా ఒకరు స్టీరింగును కొద్దికొద్దిగా, చక్రాలు కదలడం మొదలయ్యేంత మేర అటు ఇటు ఊపుతూ ఉండాలి. రెండోవారు కింద ఒక్కో జాయింటు మీద వేళ్లు వేసి పట్టుకోవాలి. జాయింటుకు ఒక పక్క భాగం కదిలి రెండో పక్క ఆలస్యంగా కదిలితే ఆ ఆలస్యమే దాని వాటా. కంటికి కనిపించని వదులు వేళ్లకు 'టక్' మని తెలుస్తుంది. చక్రం నుంచి మొదలుపెట్టి టై రాడ్, డ్రాగ్ లింక్ రెండు చివరలు, డ్రాప్ ఆర్మ్, బాక్సు, కాలమ్ కింది జాయింటు దాకా వరసగా రావాలి. పవర్ స్టీరింగ్ ఉన్న బండికి ఈ పరీక్ష ఇంజను నడుస్తుండగా చేయాలి. ఇంజను ఆపితే వాల్వు లోపలి సహజమైన కదలికే ప్లేలా కనబడి తప్పుదారి పట్టిస్తుంది.

ఇదే సమయంలో స్టీరింగ్ బాక్సు, ఛాసిస్ రెండింటి మీదుగా సుద్దముక్కతో ఒక గీత గీయాలి. స్టీరింగు ఊపుతుంటే గీత విరిగినట్టు కనిపిస్తే బాక్సే కదులుతోంది. బోల్టులు వదులై ఉండాలి, లేదా ఆ చోట ఛాసిస్ పగిలి ఉండాలి. లోడు బండ్లలో ఈ పగులు బురద కింద దాగి ఉంటుంది. తుడిచి చూడకుండా బాక్సును దోషి అనకూడదు.

బాక్సు మీది స్క్రూ

ఇప్పుడు, అన్నీ చూశాక, స్టీరింగ్ బాక్సు దగ్గరికి రావాలి. చాలా షెడ్లలో మొట్టమొదట తిప్పేది దీని పైనున్న అడ్జస్టింగ్ స్క్రూనే. లాక్ నట్టు వదులు చేసి, స్క్రూ బిగించి, అయిదు నిమిషాల్లో ప్లే తగ్గించి పంపిస్తారు. యజమానికి సంతోషం, డ్రైవరుకు కూడా ఒకటి రెండు రోజులు సంతోషం. ఇది ఎందుకు అపాయకరమో వివరంగా చెప్పాలి.

రీసర్క్యులేటింగ్ బాల్ బాక్సులో స్టీరింగు కాలమ్‌తో తిరిగే స్క్రూ (వర్మ్) మీద ఒక నట్టు ఉక్కు గుళ్ల మీద జారుతుంది. ఆ నట్టు పళ్లు సెక్టార్ షాఫ్టు పళ్లను తిప్పుతాయి, షాఫ్టు చివర డ్రాప్ ఆర్మ్ ఉంటుంది. పళ్ల మధ్య సందు సరిగ్గా మధ్య స్థానంలో అతి తక్కువ, పక్కలకు పోయినకొద్దీ కావాలనే ఎక్కువగా ఉండేలా చేస్తారు. బండి జీవితంలో ఎక్కువ భాగం తిన్నగానే పోతుంది కాబట్టి అరుగుదల కూడా మధ్యలోనే ఎక్కువ. అరిగిన మధ్యభాగాన్ని సరిచేయాలని స్క్రూ బిగిస్తే, అరగని పక్కభాగాలు ముందుగా బిగుసుకుంటాయి. మలుపు తిప్పిన స్టీరింగు వెనక్కి రాదు. పైన చెప్పిన బిగువు రోగం అలా పుడుతుంది. ప్లే కోసం వచ్చిన బండి తూలడంతో తిరిగిపోతుంది. చక్రాలు పక్కకు తిరిగి ఉండగా స్క్రూ బిగించడం ఇంకా దారుణం. అక్కడ ఉండవలసిన సందును తీసేస్తే, మధ్యకు వచ్చేసరికి పళ్లు ఒకదానికొకటి నలుగుతాయి.

సరైన పద్ధతి వేరు. డ్రాగ్ లింకును విప్పి బాక్సును ఒంటరి చేయాలి. స్టీరింగును ఒక చివర నుంచి మరో చివరకు లెక్కపెట్టి తిప్పి సగానికి తెచ్చి నిలపాలి. కాలమ్ షాఫ్టును పైకి కిందికి ఊపినప్పుడు కదిలితే వర్మ్ బేరింగుల సర్దుబాటు ముందు చేయాలి. డ్రాప్ ఆర్మ్ పైకి కిందికి ఆడితే సెక్టార్ షాఫ్టు బుష్‌లు పోయాయి, స్క్రూ దాన్ని బాగు చేయదు. ఇవి రెండూ సరిగ్గా ఉన్నాకే, మధ్య స్థానంలో, స్క్రూను కొంచెం కొంచెంగా బిగిస్తూ ప్రతిసారీ ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పి చూడాలి. ఎక్కడా పట్టుకోకూడదు. మధ్యలో వదులు పోయేలోగానే పక్కల్లో బిగుసుకుంటే బాక్సు జీవితం అయిపోయింది, విప్పి సామాను మార్చాలి. బాక్సులో గేర్ ఆయిల్ ఉందా అన్నది చాలామంది ఏళ్ల తరబడి చూడరు. సీలు కారిపోయి ఎండిన బాక్సు బయటికి శుభ్రంగా కనిపిస్తుంది.

ఓమ్ని ర్యాక్‌లో కూడా ఇలాంటి సర్దుబాటు స్క్రూ ఉంది, అదే హెచ్చరిక దానికీ వర్తిస్తుంది. అక్కడ అంతకన్నా ముందు చూడవలసింది ర్యాక్ బిగింపు రబ్బర్లు, చినిగిన బూట్లు. బూటు చినిగితే నీళ్లు లోపలి జాయింటును తినేస్తాయి.

అలైన్‌మెంట్ చివరనే

వదులుగా ఉన్న బండికి అలైన్‌మెంట్ చేయించడం అంటే కదిలే పీట మీద తక్కెడ పెట్టి తూచడం. యంత్రం మీద అంకెలు పచ్చగా కనిపిస్తాయి, బండి కిందికి దిగగానే మారిపోతాయి. జాయింట్లన్నీ బాగయ్యాకే చేయించాలి, టై రాడ్ ఎండ్ మార్చిన ప్రతిసారీ తప్పక చేయించాలి. కమాను బండ్లలో సాధారణంగా ముందు చక్రాలు సున్నా నుంచి మూడు మిల్లీమీటర్ల మేర లోపలికి చూస్తుండాలి, కచ్చితమైన అంకె కంపెనీ పుస్తకంలో ఉంటుంది. అవి బయటికి చూస్తుంటే బండి తిన్నగా నిలవదు. యంత్రం లేని చోట పాతకాలపు పద్ధతి ఇప్పటికీ పనికొస్తుంది. టైరు చుట్టూ మధ్యన సుద్దగీత గీసి, ఇరుసు ఎత్తులో ముందువైపు, వెనకవైపు ఆ గీతల మధ్య దూరం కొలిచి తేడా చూడడం. అవుట్‌డోర్ యూనిట్‌తో అడవికి పోయిన మెకానిక్‌కు ఇది చాలు.

చట్టం

కేంద్ర మోటారు వాహనాల నియమావళి 1989లోని 98వ నియమం ప్రకారం స్టీరింగు దగ్గర ప్లే 30 డిగ్రీలు మించకూడదు. బాల్ జాయింట్లకు రబ్బరు తొడుగులు ఉండాలి, బోల్టులు, పిన్నులు జారకుండా లాక్ అయి ఉండాలి. 40 సెం.మీ. స్టీరింగు అంచున 30 డిగ్రీలంటే పదిన్నర సెంటీమీటర్లు. నిజం చెప్పాలంటే ఇది చాలా ఉదారమైన హద్దు. అంత ప్లే ఉన్న బండిని హైవే మీద నడిపినవారికి ఆ సంగతి తెలుసు. ఫిట్‌నెస్ పరీక్షలో నెగ్గడం వేరు, తెల్లవారుజామున ఔటర్ మీద నడపడానికి తగినదిగా ఉండడం వేరు. ప్లే అందులో సగానికి చేరినప్పుడే జాయింట్లు వెతకడం మొదలుపెట్టాలని ఈ వ్యాసకర్త అభిప్రాయం.

కొలవడానికి స్టీరింగు అంచుకు పక్కగా డ్యాష్‌బోర్డు మీద ఒక తీగముక్కను ఆనించి పెట్టాలి. చక్రాలు తిన్నగా ఉంచి, చక్రం కదలడం మొదలయ్యేదాకా ఒకవైపు, మళ్లీ రెండోవైపు తిప్పి, తీగ చూపిన రెండు చోట్ల మధ్య దూరాన్ని అంచు వెంబడి కొలవాలి. ఈ అంకెను బండి పుస్తకంలో తేదీతో సహా రాసుకుంటే, ఆరు నెలల తర్వాత డ్రైవరు మాట మీద కాక అంకెల మీద నిర్ణయం తీసుకోవచ్చు.

మరమ్మతులో చేయకూడనివి, చేశాక చూడవలసినవి

డ్రాప్ ఆర్మ్, టై రాడ్, స్టీరింగ్ ఆర్మ్ వేడిచేసి తిన్నగా చేయించడం, వెల్డింగ్ పెట్టించడం ఎట్టి పరిస్థితిలోనూ కూడదు. వేడికి ఉక్కు గట్టిదనం పోతుంది. అది విరిగే రోజున ముందు చెప్పి విరగదు. జాయింటు టేపర్ రంధ్రం అండాకారంలోకి అరిగితే రేకుముక్క చుట్టి బిగించడం కొన్నిచోట్ల అలవాటు. అది ఆ భాగాన్ని మార్చవలసిన సూచన. స్ప్లిట్ పిన్ పాతది మళ్లీ వాడకూడదు. రంధ్రం కలవకపోతే నట్టును ఇంకొంచెం ముందుకు బిగించాలి, వెనక్కి వదులు చేయకూడదు.

కింగ్ పిన్నులకు గ్రీజు కొట్టేటప్పుడు యాక్సిల్‌ను జాకీతో లేపాలి. బరువు మీద ఉండగా కొడితే అరిగే వైపుకు గ్రీజు చేరదు. పాతది, నల్లనిది బయటికి వచ్చి కొత్తది కనిపించేదాకా కొట్టాలి. కృష్ణానగర్ వీధుల్లో నీళ్లు నిలిచిన ప్రతి వానాకాలం తర్వాత ఈ పని ఒకసారి అదనంగా చేయించుకుంటే కింగ్ పిన్ సెట్టు మార్చే ఖర్చు ఏళ్ల పాటు వాయిదా పడుతుంది. షూటింగులు లేక బండి నిలిచిపోయిన రోజుల్లో వారానికి ఒకసారి స్టార్టు చేయడం అందరికీ అలవాటే. దానితోపాటు బండిని నాలుగడుగులు కదిపి, స్టీరింగును ఈ చివర నుంచి ఆ చివర దాకా రెండుసార్లు తిప్పితే జాయింట్లలో గ్రీజు పరుచుకుంటుంది.

పని ముగిశాక బండిని మొదట ఖాళీగా, తర్వాత మామూలుగా మోసే లోడుతో, అదే రోడ్డు మీద, అదే వేగంతో నడిపి చూడాలి. యు బోల్టులు, వీల్ నట్లు కొన్ని వందల కిలోమీటర్ల తర్వాత మళ్లీ బిగించి చూడాలి. కమాను పట్టీలు కుదురుకున్నాక యు బోల్టులు కొంచెం వదులవుతాయి. చాలా బండ్లలో దోషం తిరిగి వచ్చేది అక్కడి నుంచే.